నలుపు కలిపితే నీడ రాదు

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో తైలవర్ణాలు చేతబట్టేవాళ్లు పెరుగుతున్నారు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు వారాంతపు తరగతులు నడుస్తున్నాయి. వారమంతా కోడ్ రాసినవాళ్లు శనివారం కాన్వాస్ ముందు కూర్చుంటున్నారు. సంతోషించాల్సిన విషయమే. అయితే అక్కడ మనిషి బొమ్మ ఎలా మొదలవుతోందో గమనిస్తే దిగులు కలుగుతుంది. సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో తెరిచి పక్కన పెట్టుకుంటారు. చర్మానికని ఒక రంగు కలుపుకుంటారు. వెలుగున్న చోట అందులో తెలుపు పోస్తారు, నీడ ఉన్న చోట నలుపు పోస్తారు. బుగ్గ గుండ్రంగానే తిరుగుతుంది, ముక్కు లేస్తుంది, పోలిక కూడా కుదురుతుంది. కానీ ఆ ముఖంలో రక్తం ఆడదు. వెలుగు సుద్దగా, నీడ మసిగా మిగిలిపోతాయి. తైలవర్ణంలో మనిషి రూపాన్ని నిలబెట్టాల్సింది రంగే అనీ, మనలాంటి చామనచాయ, నల్లని ఒళ్ల విషయంలో ఇది మరింత నిజమనీ నేను నమ్ముతాను. ఆ విద్య ఫొటోతో పట్టుబడదు. కిటికీ వెలుతురులో ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తేనే పట్టుబడుతుంది. సైబరాబాద్‌లో ఇప్పుడు లేనిది ఆ మనిషి, ఆ కిటికీ.

రంగుతో రూపం కట్టడం అంటే ఏమిటో ఒక్క బుగ్గ మీద చూద్దాం. ఉత్తరపు కిటికీ పక్కన చామనచాయ స్త్రీ ఒకరు కాస్త పక్కకు తిరిగి కూర్చున్నారనుకోండి. బుగ్గ ఎముక మీద మెరిసే చిన్న మచ్చ ఉందే, అది ఆమె చర్మపు రంగు కాదు. అది ఆకాశం. చర్మం పైన ఉండే పల్చటి జిడ్డు పొర కిటికీ వెలుతురును ఉన్నదున్నట్టు తిప్పికొడుతుంది. అందుకే ఆ మచ్చలో నీలి ఛాయ ఉంటుంది. దాని పక్కన, కిటికీకి ఎదురుగా ఉన్న మేరలో, వెలుతురు చర్మం లోపలికి దిగి అక్కడి రంగు పట్టుకుని బయటికి వస్తుంది. అక్కడ పసుపు మట్టి రంగు కనిపిస్తుంది, అందులో పిసరంత ఎరుపు. బుగ్గ ఇంకా పక్కకు తిరిగి వెలుగు జారిపోయే చోట రంగు చిక్కబడి ఇటుక ఎరుపు దగ్గరికి వస్తుంది. ఎర్రటి కాంతి చర్మం లోపల మిగతా రంగులకన్నా ఎక్కువ దూరం పోయి నీడ అంచున బయటపడటమే దానికి కారణం. ఆ తర్వాత వచ్చేది నీడ. అందులోనూ వెలుతురు ఉంది. గోడ నుంచి, నేల నుంచి, కట్టుకున్న బట్ట నుంచి తిరిగి వచ్చిన వెలుతురు అది. ఆమెది పసుపు చీర అయితే దవడ అడుగున ఆ పసుపు కనిపించి తీరుతుంది. నాలుగు అంగుళాల బుగ్గలో ఐదు రంగులు. ఏ రంగు ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో అదే బుగ్గ ఎటు తిరిగిందో చెబుతుంది. ఈ ఐదింటినీ ఒకే గోధుమ రంగుకు తెలుపూ నలుపూ కలిపి తెచ్చిన మెట్లుగా మార్చేస్తే వంపు మిగులుతుంది, ఒళ్లు పోతుంది.

ఇది చిత్రకారుల నమ్మకం మాత్రమే అనుకునేవాళ్లు ఈ కారిడార్‌లోనే పనిచేసే యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ కళాకారులను అడగవచ్చు. కంప్యూటర్‌లో మనిషిని తయారుచేసేటప్పుడు కాంతి చర్మం పైపొర మీదే తగిలి వెనక్కి వస్తుందని లెక్కగడితే ముఖం ప్లాస్టిక్ బొమ్మలా వచ్చేది. కాంతి చర్మం, పాలు, చలువరాయి లాంటి వాటి లోపలికి దిగి మరోచోట బయటపడటాన్ని ఆచరణలో లెక్కగట్టే పద్ధతిని 2001లో హెన్రిక్ వాన్ జెన్సెన్, ఆయన సహ పరిశోధకులు ప్రచురించారు. తెర మీది మనుషుల చర్మానికి జీవం రావడంలో ఆ పద్ధతికి పెద్ద వాటా ఉంది. సబ్‌సర్ఫేస్ స్కాటరింగ్ అనే ఆ మాట ఇవాళ ఇక్కడి స్టూడియోల్లో రోజువారీ మాట. గణితం ఇటీవల చేరుకున్న ఆ చోటికి 16వ శతాబ్దపు వెనిస్‌లో టిషియన్, ఆ తర్వాత ఆంట్వెర్ప్‌లో రూబెన్స్ కంటితో, కుంచెతో చేరుకున్నారు. పల్చటి పారదర్శకమైన పొర మీద మరో పొర వేస్తూ పోతే కాంతి ఆ పొరల్లోకి దిగి తిరిగి వస్తుంది. అవిసె నూనెలో నూరిన రంగుకు ఆ గుణం సహజంగా ఉంది. మనిషి ఒంటిని చూపడానికి తైలవర్ణం అంతగా పనికిరావడానికి కారణం అదే. ఆ గుణాన్ని వాడుకోకుండా గోడకు వేసే పెయింట్‌లాగా ఒకే మందాన పులిమితే నూనె రంగులు కొనడం ఎందుకు?

ఇక నల్లని చర్మం సంగతి. ముదురు రంగు చర్మం లోపలికి దిగిన కాంతిలో తక్కువ భాగమే వెనక్కి వస్తుంది. పైపొర మీద మెరిసే కాంతి మాత్రం అందరిలోనూ ఒకే తీరుగా ఉంటుంది. కాబట్టి నల్లని ఒంటి మీద ఆ మెరుపుకు వాటా పెరుగుతుంది. ఆకాశం నీలం, గోడ తెలుపు, ఎదురుగా ఉన్న చెట్టు పచ్చదనం, అన్నీ ఆ ఒంటి మీద స్పష్టంగా పడతాయి. చిత్రకారుడి కంటికి నల్లని చర్మం ఎక్కువ రంగులున్న చర్మం. దాన్ని గోధుమ రంగుకు నలుపు కలిపి వేయడమంటే ఉన్న సంపదంతా కప్పిపెట్టడమే. నూనె రంగులో దీనికి చక్కటి ఉపాయం ఉంది. ముదురు గోధుమ పూత బాగా ఆరాక, దాని మీద లేత రంగును చాలా పల్చగా, అడుగు కనిపించేటంత పల్చగా రుద్దితే, కలపకుండానే ఒక చల్లని నీలి బూడిద ఛాయ పుట్టుకొస్తుంది. నల్లటి కొండకు అడ్డంగా సాగే పొగ నీలంగా కనిపించడానికి వెనక ఉన్న భౌతిక ధర్మమే ఇదీ. నుదుటి పక్కన, కంటి కింద, మెడ వంపులో ఈ ఒక్క పొర చేసే పని ఏ ట్యూబులోని బూడిద రంగూ చేయలేదు. దీన్ని ఒకసారి చూసిన విద్యార్థి మళ్లీ చర్మంలోకి నలుపు పిండడానికి సందేహిస్తాడు.

మనకు ఈ సందేహం రాకపోవడానికి కారణం చేతి అలవాటు ఒక్కటే కాదు, అలవాటైన చూపు కూడా. ‘ఫ్లెష్ టింట్’ పేరుతో ట్యూబుల్లో వచ్చిన రంగు చాలాకాలంగా లేత గులాబీ. అమెరికాలో క్రేయోలా సంస్థ తన ‘ఫ్లెష్’ క్రేయాన్ పేరును ‘పీచ్’గా మార్చింది 1962లో. కలర్ ఫొటోలు కడిగే ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. ఆ కొలతకు సరిపడని ముఖాలు ఫొటోల్లో వివరాలు లేని ముద్దలుగా వచ్చేవి. సాంకేతిక రంగం ఈ తప్పును ఆలస్యంగానైనా గుర్తించింది. హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త ఎలిస్ మంక్ రూపొందించిన 10 ఛాయల కొలబద్దను 2022లో గూగుల్ స్వీకరించింది. ఈ నగరంలో వేలమంది ఉద్యోగులున్న సంస్థ అది. కెమెరాలు, అల్గోరిథమ్‌లు తమ చూపు సరిదిద్దుకునే పనిలో ఉన్నప్పుడు, కుంచె పట్టినవాళ్లు ఒకటి రెండు ఛాయలు లేతగా చేసి వేస్తే ముఖం అందంగా ఉంటుందన్న పాత నమ్మకంలోనే ఉండటం బాధాకరం. పెళ్లి పోర్ట్రెయిట్లలో, కుటుంబ చిత్రాల్లో ఇది నిత్యం జరిగేదే. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి వేసేవాళ్లు ఉన్నారు. ఆ అడగడం మారాలంటే నల్లని ముఖం ఎంత వెలగగలదో చూపించే చిత్రాలు కళ్లెదుట ఉండాలి.

ఈ చర్చ హైదరాబాద్‌కు కొత్త కాదు. దాదాపు తొంభై ఏళ్ల కిందట అమృతా షేర్‌గిల్ దక్షిణ యాత్రలో భాగంగా ఇక్కడికి వచ్చారు. పారిస్‌లో ఎకోల్ దె బోజార్‌లో చదివి, 1934లో మన దేశానికి తిరిగి వచ్చి, అప్పటికి పాతికేళ్లు కూడా నిండని చిత్రకారిణి. కొనుగోలుకు ఇచ్చిన ఆమె చిత్రాలను నవాబ్ సాలార్ జంగ్ తిప్పి పంపేశారు. మైసూరు మహారాజా ఆమెను కాదని రవివర్మ చిత్రాలనే ఎంచుకున్నారు. మన సంస్థానాల అభిరుచి ఎటు మొగ్గిందో చెప్పడానికి ఈ రెండు నిర్ణయాలు చాలు. రవివర్మ చిత్రాలను సాలార్ జంగ్ మ్యూజియంలో ఈనాటికీ చూడవచ్చు. ఆయన ప్రతిభ సామాన్యమైంది కాదు. నూనె రంగుల గుట్టు సరిగా చెప్పే గురువు దొరకని రోజుల్లో, తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన థియోడోర్ జెన్సెన్ పని చూస్తూ నేర్చుకున్న మనిషి. పట్టు జరీ, ముత్యాల హారం, ఇత్తడి పాత్ర, వీటిలో ఆయన రంగు పలుకుతుంది. కానీ ఒంటి దగ్గరకు వచ్చేసరికి ఆయన ఎక్కువగా యూరప్ అకాడమీల దారి పట్టారు. పసిమి చర్మం, అది తిరిగిన చోట గోధుమ నీడ. మన పౌరాణిక స్త్రీలందరికీ ఆ పసిమి ఛాయే స్థిరపడిపోవడంలో ఆయన చిత్రాలకు, ఆయన లితోగ్రాఫ్ ప్రెస్ నుంచి ఇంటింటికీ చేరిన ముద్రణలకు పెద్ద పాత్ర ఉంది.

షేర్‌గిల్ దారి వేరు. అజంతా, కొచ్చిన్ మట్టాంచేరి కుడ్యచిత్రాలు చూసిన తర్వాత 1937లో ఆమె వేసిన ‘బ్రహ్మచారులు’ చిత్రం తీసుకోండి. ఐదుగురు కుర్రవాళ్లు, తెల్లటి పంచెలు, మట్టి రంగు నేపథ్యం. కొట్టొచ్చే వెలుగునీడలు అందులో లేవు. ఐదుగురిలో ఒక్కొక్కరిది ఒక్కో ఒంటిరంగు. ఒకరు ఎర్రమట్టి ఛాయ, ఒకరు ముదురు గోధుమ, మరొకరు పసిమి. ఆ ఒళ్ల బరువు, ఛాతీ గుండ్రనితనం, భుజం వంపు అన్నీ రంగు పక్కన రంగు పెట్టడం వల్ల వచ్చాయి. పంచె తెల్లదనం పక్కనున్న చర్మాన్ని మరింత వేడెక్కిస్తుంది. ఒక రంగు తన పక్క రంగును మార్చివేస్తుందని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ 1839లో గ్రంథస్థం చేశారు. గోబెలిన్స్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని నడిపినాయన ఆయన. పోచంపల్లిలోనో గద్వాలలోనో అంచు రంగు ఎంచే నేతగాడికి ఈ సూత్రం ఒకరు చెప్పక్కర్లేదు. షేర్‌గిల్ దాన్ని దక్షిణాది ఒళ్ల మీద ప్రయోగించారు. ఆమె 1941లో, 28 ఏళ్లకే కన్నుమూశారు. అప్పుడు తిప్పి పంపిన చూపును ఇప్పుడు ఈ నగరం తెచ్చుకోగలదా అన్నది నా ప్రశ్న.

నా వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది చిత్రకళ ఉపాధ్యాయులదే. రూపాన్ని నిలబెట్టేది టోన్, అంటే వెలుగు చీకట్ల మోతాదు, రంగు కాదు అంటారు వాళ్లు. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో రంగు అసలు లేకపోయినా ముఖం గుండ్రంగానే కనిపిస్తుంది కదా అంటారు. ఇందులో సత్యం ఉంది, దాన్ని కాదనను. మోతాదు తప్పితే ఎంత అందమైన రంగయినా కుప్పకూలుతుంది. బొగ్గుతో ఏళ్ల తరబడి సాధన చేయకుండా రంగులోకి దూకినవాళ్ల బొమ్మలు మచ్చల గుంపుగా మిగలడం చూస్తూనే ఉంటాం. అయితే నలుపు తెలుపు చెప్పేది వెలుగు ఎంత అన్నది మాత్రమే. ఆ వెలుగు ఆకాశం నుంచి వచ్చిందా, పక్క గోడ నుంచి వచ్చిందా, చర్మం లోపలి నుంచి వచ్చిందా అన్నది రంగు చెబుతుంది. ముక్కు పక్క భాగం, దాని పక్కనే ఉన్న బుగ్గ చాలాసార్లు ఒకే మోతాదు చీకటిలో ఉంటాయి. ఫొటోలో అవి రెండూ కలిసిపోతాయి. కంటికి మాత్రం ఒకటి పచ్చ వైపు, ఒకటి ఎరుపు వైపు తేలుతాయి, ఆ తేడాతోనే రెండు తలాలు విడిపోతాయి. వెలుగు మోతాదు కట్టిన గోడను రంగు కూల్చదు. ఆ గోడ చేరలేని చోటికి రంగు చేరుతుంది.

నలుపు ట్యూబును పారేయమని కూడా నేను అనడం లేదు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో ప్రసిద్ధమైన రంగుల పళ్లెంలో ఉన్నవి నాలుగే: యెల్లో ఆకర్, వెర్మిలియన్, ఐవరీ బ్లాక్, తెలుపు. అందులో నలుపు ఉంది, నీలం లేదు. వేడి రంగుల పక్కన పెట్టినప్పుడు ఐవరీ బ్లాక్, తెలుపు కలిపిన బూడిద రంగు కంటికి నీలంగా తోస్తుంది, జోర్న్ దాన్ని నీలంగానే వాడాడు. తప్పు నలుపులో లేదు. నలుపును చీకటికి మారుపేరుగా వాడటంలో ఉంది. ఈ నాలుగు రంగులతో వారం పాటు ఒక్క ముఖం మీద కుస్తీ పడితే, ముప్పై ట్యూబుల పెట్టె నేర్పలేనిది చేతికి వస్తుంది. ఖర్చు గురించి వచ్చే అభ్యంతరానికి కూడా ఇదే జవాబు. విద్యార్థుల కోసం చేసే చౌక రంగుల్లో ముగ్గురాయి, సుద్ద లాంటి పొడులు కలుపుతారు, అందుకే అవి తేలిపోతాయి. మంచి రంగులు నాలుగే కొనుక్కోవడం మేలు. వాటిలో ప్రధానమైన పసుపు మట్టి మనకు పరాయిది కాదు. నంద్యాల జిల్లా బేతంచెర్ల ప్రాంతంలో అది తవ్వితే దొరుకుతుంది. దాన్ని కాల్చితే ఎర్రబడుతుంది. మన పల్లె గోడల కింది పట్టీకి జాజు పూసిన చేతులకు తెలిసిన రంగే యూరప్ చిత్రకారుల పళ్లెంలోనూ ఉంది. మన ఒంటి రంగుకు పునాది కూడా ఆ మట్టే.

మరో అభ్యంతరం సంప్రదాయం వైపు నుంచి వస్తుంది. నీడలతో ఒంటిని గుండ్రంగా చూపడం పడమటి పద్ధతి, మనది రేఖ, చదునైన రంగు అంటారు. లేపాక్షి పైకప్పు చిత్రాలను చూపిస్తారు. తోట వైకుంఠం తెలంగాణ స్త్రీలను చూపిస్తారు. ఆ నల్లని ముఖం, ఆ పెద్ద ఎర్రటి బొట్టు, నీడ ఒక్కటి లేకుండానే మనిషి నిండుగా నిలబడలేదా అంటారు. నిలబడింది. నా వాదనకు అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. వైకుంఠం ఆ నల్లని చర్మాన్ని నలుపుతో చంపలేదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పక్కన పెట్టి వెలిగించారు. ఆయన ఎంచుకున్నది చదును దారి, అది లోపం కాదు, నిర్ణయం. ఇకపోతే నీడ మనది కాదనడం నిజం కాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం వర్తన గురించి, అంటే ఛాయ వేసే పద్ధతుల గురించి చెబుతుంది. పత్రజ, ఐరిక, బిందుజ అని మూడు రకాలు పేర్కొంది. అజంతా ముఖాల్లో ముక్కు మీద, పెదవి మీద పెట్టిన లేత మెరుపులు, అంచుల వెంబడి ముదిరే ఎర్రమట్టి రంగు ఆ విద్య ఎంత ముందుకు పోయిందో చూపిస్తాయి. అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలోదే. ఆ చిత్రాల నకళ్లు మన పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఉన్నాయి, హైటెక్ సిటీ నుంచి గంట ప్రయాణం. కరీంనగర్ జిల్లా అన్నారం నుంచి బొంబాయి జేజే స్కూల్‌కు వెళ్లి తైలవర్ణం నేర్చిన పీటీ రెడ్డి మొదలు మన చిత్రకారులు ఈ రెండు దారులనూ తెలిసే నడిచారు. తెలియక ఒకే దారిలో ఆగిపోవడం వేరు.

ఇప్పుడు సైబరాబాద్ వెలుతురు గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడి సమస్యకు మూలం అందులోనూ ఉంది. ఈ కారిడార్‌లో మనిషి ముఖాన్ని రోజంతా చూసేది ఎల్‌ఈడీ దీపాల కింద, రంగు పూసిన గాజు అద్దాల వెనక, లేదంటే తెర మీద. దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత సీఆర్‌ఐ. ఆఫీసు దీపాల్లో అది 80 దగ్గర ఉండటం మామూలు. ఆ సంఖ్యను ఎనిమిది లేత రంగుల సగటుతో లెక్కిస్తారు. చిక్కటి ఎరుపు తొమ్మిదోది, అది ఆ సగటులో చేరదు. అంటే కాగితం మీద మంచి అంకె ఉన్న దీపం కూడా ఎరుపును పేలవంగా చూపించవచ్చు. మన చర్మానికి ప్రాణం ఆ ఎరుపులోనే ఉంది. అలాంటి దీపం కింద తీసిన ఫొటోను ఫోన్ మరోసారి దిద్దుతుంది. చర్మాన్ని నున్నగా చేస్తుంది, తెలుపును తన లెక్క ప్రకారం సరిచేస్తుంది, నీడలోని సూక్ష్మమైన రంగులను ముద్దచేస్తుంది. ఆ ఫొటోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు వెలిగే తెర మీద చూస్తూ, వెలుతురును మింగే మట్టి రంగులతో దాన్ని అందుకోవాలని చూస్తాం. నీడలో నలుపు తప్ప ఏమీ కనిపించకపోవడంలో విద్యార్థి దోషం చాలా తక్కువ. అతనికి అందిన సమాచారంలో రంగు అప్పటికే చచ్చిపోయింది.

ఫొటో సాయంతో గొప్ప చిత్రాలు వేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. అయితే వాళ్లు ముందు మనుషులను చూసి చూసి, ఫొటో ఏం దాచిందో పసిగట్టగల కన్ను సంపాదించుకున్నాకే ఆ పని చేశారు. ఇక కృత్రిమ మేధ క్షణంలో నూనె చిత్రం లాంటి బొమ్మ ఇస్తుంటే ఈ శ్రమ దేనికి అనే ప్రశ్న ఈ ప్రాంతంలో తప్పక వస్తుంది. బొమ్మ చేతికి రావడమే లక్ష్యమైతే శ్రమ అక్కర్లేదు. కానీ వారాంతపు తరగతికి వచ్చినవాళ్లు బొమ్మ కోసమే రావడం లేదు. చూడటం నేర్చుకోవడానికి వస్తున్నారు. ఎదుటి మనిషి చెవి అంచున ఎరుపును, గడ్డం కింద పచ్చదనాన్ని, కంటి కింద ఊదా ఛాయను పట్టుకోవడానికి రెండు గంటల పాటు ఒకే ముఖాన్ని చూడటం ఈ కారిడార్ జీవితంలో మరెక్కడా దొరకని పని. ఆ రెండు గంటల్లో ఎదుటి మనిషి ఛాయ మీద మన మనసులో ఉన్న తూకాలు కూడా మారతాయని నా గట్టి నమ్మకం. ఒక నల్లని చెంపలో నీలాన్ని, ఊదాను, కాల్చిన మట్టి రంగును వెతికి పట్టుకున్న చెయ్యి ఆ చెంపను లేతగా చేసి వేయడానికి ఒప్పుకోదు.

అందుకు కావాల్సినవి పెద్దవేం కావు. మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. ప్రదర్శనలు జరుగుతాయి, జనం చూసి వెళ్తారు. అదే ప్రాంగణంలో ఉత్తరపు వెలుతురు వచ్చే ఒక గదిని లైఫ్ స్టడీకి కేటాయించి, నెలకు రెండు ఆదివారాలు ఎవరైనా వచ్చి కూర్చున్న మనిషిని చూసి బొమ్మ వేసుకునేలా తెరిచి ఉంచవచ్చు. గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్‌లో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, మాసాబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉంది. అక్కడ చదువుకున్న చిత్రకారులకు ఆ గదిలో నేర్పే పని ఇవ్వవచ్చు. నగ్న మోడల్ గురించి ఆందోళన అక్కర్లేదు. ముఖం, చేతులు, పాదాలు, మెడ చాలు, జీవితకాలం సరిపోయేంత రంగు వాటిలో ఉంది. డబ్బుకూ దారి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు ఖర్చు పెట్టదగిన రంగాల్లో కళలు, సంస్కృతి ఉన్నాయి. పాఠశాలలకూ చెరువులకూ ఇస్తున్న కంపెనీలకు ఒక గది అద్దె, మోడళ్ల కూలి భరించడం భారం కాదు.

మోడళ్లుగా ఎవరు కూర్చోవాలన్నది నాకు అన్నింటికన్నా ముఖ్యం. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. అప్పటి నుంచి ఇక్కడి గాజు భవనాలను లేపిన చేతుల్లో పాలమూరు వలస కూలీల చేతులు ఎన్నో. ఇవాళ వాటిని ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, ఎండలో బండి మీద అన్నం మోసుకొచ్చేవాళ్లు ఉన్నారు. ఆ ఎండకు కాగిన నుదుళ్లలో ఉన్నంత రంగు ఏ పెళ్లి ఫొటోలోనూ లేదు. వాళ్లను కూలి ఇచ్చి, గౌరవంగా, కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఇచ్చే కూలి వాళ్ల రోజు సంపాదనకు తగ్గకూడదు. గంటకోసారి విశ్రాంతి ఉండాలి, వేసిన బొమ్మలు ప్రదర్శనలో పెడితే వాళ్లను పిలవాలి. భాషా సాంస్కృతిక శాఖ తలుచుకుంటే ఈ శీతాకాలంలోనే మొదలుపెట్టవచ్చు. వానలు తగ్గి ఉత్తరపు వెలుతురు నిలకడగా ఉండే రోజులు అవి.